కుండీ కింద తాళంచెవి

పదకొండు మంది పిల్లలు, ఒక పొయ్యి,
పొయ్యి చుట్టూ ఆరేసిన పదకొండు జతల మేజోళ్లు.
చిలోయే దీవిలో జులై వాన పట్టుకుందంటే
ఆగాలన్న సంగతే మరిచిపోతుంది.
పుస్తకాల సంచీ తడిస్తే తడవనీ,
ఫోను మాత్రం ఉన్ని టోపీలో చుట్టి
పొడిపొడిగా పడవ దింపుతారు మావాళ్లు.

ఆ రోజు చెప్పాల్సిన పాఠం
పైనుంచి కాగితంగా వచ్చింది.
పద్నాలుగు 'కూడదు'లు.
మూడోదానికే ఎలీసెయో ఆవులించాడు.
నిజం చెప్పొద్దూ, ఐదోదానికి నేనూ ఆవులించాను.
కాగితం మడిచి
పొయ్యి రాజేసే పుల్లల్లో పడేశాను.

గోడ మీద నా ఫొటో ఒకటి వేశాను.
గడపలో నేను, ఎర్ర స్వెట్టరు,
అక్క అల్లింది, భుజాల దగ్గర వదులు.
"ఇందులో నేను చెప్పనిది ఏముందో చెప్పండి."

ముందు నవ్వారు. తర్వాత బెంచీలు జరిపారు.
"ఇంటి నంబరు పదిహేడు."
"వెనక చర్చి శిఖరం వంకరగా ఉంది, రేవు వీధే!"
"పడవలు బురదలో కూర్చున్నాయి, ఆటు వేళ."
"కిటికీలో ఒక్కటే కప్పు.
ఒక్కరే ఉంటారా టీచర్?"
దానికి నేను జవాబు చెప్పలేదు,
వాళ్లూ మళ్లీ అడగలేదు.

అందరికన్నా చిన్నది మిల్లరాయ్
బెంచీ ఎక్కి వేలు పెట్టి చూపించింది.
జెరేనియం కుండీ కింద
గోరంత మెరుపు.
"తాళంచెవి!"

కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. నేనూ నవ్వాను.
నవ్వుతూనే ఉన్నాను, వీపు చల్లబడింది.
ఆరేళ్లుగా ఆ ఫొటో
దారిన పోయే లోకమంతా చూసేచోట ఉంది.
గోడలకు చెవులుంటాయని అమ్మ చెప్పింది గానీ
ఫొటోలకు నోరుంటుందని
ఆవిడకు మాత్రం ఎలా తెలుస్తుంది?

నవ్వనిది ఒక్కతే, రాయెన్.
ఏమీ రాయని కాగితాన్ని
రబ్బరుతో తుడుస్తోంది.

గంట కొట్టగానే అందరూ రేవుకు పరుగెత్తారు.
తన మేజోళ్లు ఇంకా ఆరలేదంది.
ఆరాయి. నేను చూశాను.
పొయ్యిలో ఇంకో కట్టె వేశాను.

"పన్నెండేళ్లన్నాడు టీచర్.
వాళ్ల ఊళ్లోనూ ఎప్పుడూ వానేనట.
నా బొమ్మలు బాగున్నాయన్నాడు."
ఆ మాట మేమెవరం అనలేదు,
రాత్రంతా గుచ్చింది నన్ను.
"ముందు కుక్కపిల్ల ఫొటో అడిగాడు.
తర్వాత మా కిటికీ.
తర్వాత నా గది.
తర్వాత..."
కట్టె చిటపటలాడింది.
"అది పంపలేదు.
పంపకపోతే కిటికీ ఎక్కడుందో తెలుసన్నాడు.
ఎవరికీ చెప్పొద్దన్నాడు."

అసలు ఎందుకు మాట్లాడావన్న ప్రశ్న
నాలుక చివరిదాకా వచ్చింది.
వేడి టీతో కలిపి మింగేశాను.
నాలుక కాలింది, మంచిదే అయింది.
ఆరేళ్లు తాళంచెవి వీధిలో ఆరబెట్టుకున్నదాన్ని
ఈ పిల్లని ఏ మొహంతో అడగను?

"చెప్పొద్దన్నాడు చూడు,
అక్కడే దొరికిపోయాడు.
తప్పు నీది కాదు" అన్నాను.
ఒక్క అక్షరం చెరపలేదు మేం.
సాల్మన్ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగే వాళ్లమ్మ కోసం
ఒకే గొడుగు కింద నిలబడ్డాం.
గొడుగు రెండుసార్లు తిరగబడింది.
విన్నాక ఆవిడ ఏమీ అనలేదు,
రబ్బరు తొడుగులు విప్పడం కూడా మరిచి
కూతుర్ని దగ్గరికి లాక్కుంది.
ముగ్గురం ఠాణాకు వెళ్లాం.
ఫారం ఉంది, పెన్ను లేదు.
రాయెన్ పెన్సిలు పెట్టె తెరిచింది.

సోమవారం మిల్లరాయ్ అడిగింది,
"టీచర్, తాళంచెవి ఇప్పుడెక్కడ?"
నోరు తెరవబోయాను.
"చెప్పకండి!" వెనక బెంచీలోంచి కేక, రాయెన్.

ఆమె ముందున్న కాగితం మీద ఏదో గీసి ఉంది.
మెడ సాచి చూడాలనిపించింది.
పొయ్యి దగ్గరే నిలబడి
చేతులు కాచుకున్నాను,
తను పిలిచేదాకా.